పరీక్ష గుమ్మం దగ్గర ఆపేసిన మనుషులు: చైనా తాత్వికత, రాజ్యం, పుట్టుక

1723లో చైనాని ఏలుతున్న చింగ్ వంశ చక్రవర్తి యోంగ్‌జెంగ్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. షాన్షీ ప్రాంతంలో 'యుయేహు' అని పిలిచే మనుషులుండేవాళ్లు. ఆ మాటకి 'సంగీతపు ఇళ్లవాళ్లు' అని అర్థం. పెళ్లికీ, చావుకీ, గుడి ఉత్సవానికీ వాయిద్యం వాయించడం వాళ్ల వంతు. అధికారుల విందుల్లో ఆడటం, పాడటం, అడిగితే ఒళ్లప్పగించడం వాళ్ల ఆడవాళ్ల వంతు. వాళ్ల పేర్లు మామూలు జనం లెక్కల్లో ఉండవు, వేరే దస్తరంలో ఉంటాయి. మామూలు ఇళ్లతో వియ్యం లేదు. ప్రభుత్వ పరీక్షకి కూర్చునే హక్కు లేదు. ఆ వేరే దస్తరాన్ని రద్దు చేయమన్నాడు యోంగ్‌జెంగ్.

డప్పు ఎవరు కొడతారో, ఎందుకు కొడతారో తెలిసిన మనకి ఈ కథ వింటుంటే ఏదో తెలిసిన వాసన తగులుతుంది. కాని తొందరపడి 'అక్కడా కులమే' అనేయొద్దు. అక్కడున్నదేమిటో, దాన్ని ఏ ఆలోచనలు నిలబెట్టాయో, ఏ ఆలోచనలు ఎదిరించాయో ఓపిగ్గా చూద్దాం.

ఎందుకు చూడాలంటారా? కులం గురించి నోరు విప్పిన ప్రతిసారీ మన మీదికి రెండు మాటలొస్తాయి. మొదటిది: "చైనా చూడండి, వేల ఏళ్ల కిందటే మెరిట్‌తో ఉద్యోగాలిచ్చింది, మీరింకా రిజర్వేషన్లంటారు." రెండోది: "ఎక్కువ తక్కువలు ఏ దేశంలో లేవు? చైనాలో లేవా? మన ధర్మాన్నే ఎందుకు తిడతారు?" తమాషా ఏమిటంటే, ఒకే మనిషి పొద్దున మొదటి మాటా, సాయంత్రం రెండో మాటా అంటాడు. రెంటికీ చైనా చరిత్రలోనే జవాబుంది.

1. పాత కుదుళ్లు కూలిన కాలం

క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి క్రీ.పూ. 221 దాకా చైనా నేల మీద రాజ్యాలు ఒకదాన్నొకటి మింగుతూ బతికాయి. దీన్ని యుద్ధరాజ్యాల కాలమంటారు. పుట్టుకతో పదవులు పంచుకున్న పాత దొరల వంశాలు ఆ కొట్లాటల్లో కూలిపోయాయి. అంతకుముందే మొదలైన ఒక ప్రశ్న ఇప్పుడు అందరి నోటా నలిగింది. పాత మర్యాద పోయాక మనుషుల్ని దేంతో కట్టి ఉంచాలి? రాజ్యాన్ని ఎవరి చేతిలో పెట్టాలి?

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) జవాబులో రెండు పాయలున్నాయి. ఒకటి తలుపు తెరిచే పాయ. చైనా భాషలో 'జున్‌జి' అంటే 'దొరబిడ్డ' అని అర్థం. ఆయన ఆ మాటని తీసుకుని 'సంస్కారం అలవరచుకున్నవాడు' అనే అర్థంలో వాడాడు. పుట్టుకని చెప్పే మాట నడతని చెప్పే మాటయింది. గురుదక్షిణగా కట్టెడు ఎండు మాంసం తెచ్చినవాడెవడైనా సరే, చదువు చెప్పనని అనలేదని ఆయన చెప్పుకున్నట్టు శిష్యులు రాసుకున్నారు. గురుదక్షిణ పేరుతో బొటనవేలు కోయించుకున్న కథ విని పెరిగిన మనకి ఇది చిన్న తేడాగా కనిపించదు.

రెండోది తలుపు మూసే పాయ. కన్ఫ్యూషియస్‌కి లోకమంటే పాత్రల అమరిక. రాజు రాజులా, తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా ఉంటే చాలు, లోకం దానంతటదే కుదురుకుంటుంది. ఆయన తర్వాత మెన్షియస్ ఐదు సంబంధాలు చెప్పాడు: తండ్రి–కొడుకు, రాజు–ప్రజ, భర్త–భార్య, అన్న–తమ్ముడు, స్నేహితుడు–స్నేహితుడు. ఐదింట్లో నాలుగు పైనా కిందా ఉన్న జతలే. స్నేహం ఒక్కటే సమానుల మధ్యది. రెండు వేల ఏళ్ల చైనా ఇల్లూ, కచేరీ, కోర్టూ ఈ లెక్క మీదే నడిచాయి.

ఈ లెక్కని మొదట్లోనే తప్పుబట్టినవాడు మోజి. క్రీ.పూ. 5వ శతాబ్దం వాడు. చేతిపనుల వాళ్లలోంచి వచ్చాడని చాలామంది చరిత్రకారుల ఊహ. నా ఇల్లు, నా వంశం అని ప్రేమని గిరి గీసుకుంటేనే కొట్లాటలు పుడతాయన్నాడు. అందరి పట్లా ఒకే ప్రేమ ఉండాలన్నాడు. సమర్థుడైతే రైతైనా కమ్మరైనా పదవిలో కూర్చోబెట్టమన్నాడు. ఊళ్లు ఊడ్చుకుపోయే అంత్యక్రియల ఆడంబరాన్నీ, పక్క రాజ్యం మీద పడే యుద్ధాలనీ తిట్టాడు. ఆయన మనుషులు కోటలు కాపాడే పనిముట్లు తయారుచేయడంలో ఆరితేరినవాళ్లు. చైనా ఒకే సామ్రాజ్యమయ్యాక ఆ బడి నిలవలేదు. రాజ్యానికి పనికొచ్చే ఆలోచన బతుకుతుంది, పనికి రానిది అటకెక్కుతుంది. ఆలోచన మంచిదా కాదా అన్నది అక్కడ ఎవరూ అడగరు.

రాజ్యానికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది శాసనవాదుల బడి. క్రీ.పూ. 356 నుంచి చిన్ రాజ్యంలో షాంగ్ యాంగ్ తెచ్చిన మార్పులు దీనికి నమూనా. యుద్ధంలో తెచ్చిన తలల లెక్కన హోదా. మొత్తం 20 మెట్లు. యుద్ధంలో ఏమీ సాధించకపోతే రాజబంధువైనా ఆ హోదా ఉండదు. ఇళ్లని ఐదైదుగా, పదిపదిగా కట్టి, ఒకడి తప్పుకి అందరినీ బాధ్యుల్ని చేశాడు. యువరాజు తప్పు చేస్తే అతని గురువులకి శిక్ష వేశాడు. పుట్టుక మీద ఇంత గట్టి దెబ్బ కొట్టింది శాసనవాదులే. కాని ఆ సమానత్వం భయంలో సమానత్వం. క్రీ.పూ. 338లో ఆ యువరాజే రాజయ్యాక షాంగ్ యాంగ్‌కి చావు రాసిపెట్టాడు.

లావోజి పేరుతో నడిచిన తావో మార్గం ఇంకో దారి చెప్పింది. పాలకుడు ఎంత తక్కువ కదిలితే జనం అంత బాగుంటారంది. యుద్ధాలతో చితికిన దేశంలో తొలి హాన్ చక్రవర్తులు ఈ మాట విని పన్నులు తగ్గించారు. భూమి పన్ను పంటలో ముప్పయ్యో వంతుకి దిగింది. అదే తావో క్రీ.శ. 184 నాటికి రోగాలతో, కరువుతో అల్లాడుతున్న రైతుల నోట్లో తిరుగుబాటు నినాదమైంది. పసుపు తలపాగాలు కట్టుకుని లేచిన ఆ జనం దెబ్బకి హాన్ సామ్రాజ్యం మళ్లీ తేరుకోలేదు.

2. పైన కన్ఫ్యూషియస్, లోపల కొరడా

క్రీ.పూ. 221లో శాసనవాదంతోనే చిన్ రాజ్యం చైనానంతా ఒకటి చేసింది. పదిహేనేళ్లు తిరక్కుండానే కూలింది. మొదటి నిప్పు పెట్టింది చెన్ షెంగ్ అనే కూలి మనిషి. క్రీ.పూ. 209లో సరిహద్దు కాపలాకి తోలుకుపోతుంటే వానలకి దారులు మునిగాయి. గడువు దాటితే శిక్ష మరణం. ఎలాగూ చావే కదా అని చెన్ షెంగ్ తోటివాళ్లని లేపాడు. రాజులూ మంత్రులూ ఏమన్నా వేరే విత్తనంలోంచి మొలిచారా అని అతను అడిగినట్టు తర్వాతి చరిత్రకారుడు నమోదు చేశాడు. అతను గెలవలేదు. కాని ఆ తిరుగుబాట్లలోంచి లేచి హాన్ వంశాన్ని నిలబెట్టిన లియు బాంగ్ కూడా మామూలు ఇంటివాడే. పదహారు వందల ఏళ్ల తర్వాత, 1368లో మింగ్ వంశాన్ని స్థాపించిన జూ యువాన్‌జాంగ్ కరువులో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, బౌద్ధ మఠంలో చేరి అడుక్కుతిన్న అనాథ.

ఇది ఊరికే జరగలేదు. దీని వెనక ఒక సిద్ధాంతముంది. రాజుకి అధికారం 'దైవాజ్ఞ' వల్ల వస్తుంది, పాడుగా ఏలితే అది పోతుంది. జనాన్ని పీడించేవాడు రాజే కాదనీ, వాణ్ణి చంపడం రాజహత్య కిందకి రాదనీ మెన్షియస్ వాదించాడు. ఈ మాట ఎంత ప్రమాదమో ఒకప్పుడు అడుక్కుతిన్న చక్రవర్తికే బాగా తెలిసింది. 1394లో జూ యువాన్‌జాంగ్ మెన్షియస్ గ్రంథంలోంచి 85 భాగాలు కోసేయించి, మిగిలిందే చదవమన్నాడు. కిందనుంచి పైకొచ్చినవాడు తానెక్కిన నిచ్చెనని లాగేయడం ఏ ఒక్క దేశానికో సొంతం కాదు.

హాన్ చక్రవర్తులు తెలివైన పని చేశారు. చిన్ వాళ్ల లెక్కల పుస్తకాలూ, జిల్లాలూ, శిక్షలూ ఉంచుకున్నారు. పైన మాత్రం కన్ఫ్యూషియస్ బొమ్మ పెట్టారు. క్రీ.పూ. 124లో వూ చక్రవర్తి రాజధానిలో 50 మంది విద్యార్థులతో రాజ విద్యాలయం పెట్టాడు. అక్కడ చదువంటే కన్ఫ్యూషియన్ గ్రంథాలే.

ఈ కలయిక చట్టంలో ఎలా దిగిందో చూడాలంటే క్రీ.శ. 653 నాటి తాంగ్ శిక్షాస్మృతి చూడాలి. కొడుకు తండ్రిని తిడితే ఉరి. కొడితే తల నరకడం. తండ్రి మీద కచేరీలో ఫిర్యాదు చేసినా ఉరే. మాట వినని కొడుకుని తండ్రి కొట్టి చంపితే? ఏడాదిన్నర కఠిన కూలి. ఇంట్లో ఉన్న మెట్లే కోర్టులో తూకం రాళ్లయ్యాయి. అదే చట్టం జనాన్ని రెండుగా చీల్చింది. మంచి జనం 'లియాంగ్', నీచ జనం 'జియన్'. ఈ రెంటి మధ్య పెళ్లి నేరం. ఒకే దెబ్బకి ఎవరు ఎవర్ని కొట్టారన్న దాన్ని బట్టి శిక్ష మారుతుంది. బానిసలు చట్టం లెక్కలో పశువులతో సమానమని దాని వ్యాఖ్యానం మొహమాటం లేకుండా చెప్పింది.

ఒకే నేరానికి మనిషిని బట్టి శిక్ష మార్చే చట్టాన్ని మనువు దగ్గర చూశాం. ఇక్కడా చూస్తున్నాం. పోలిక ఇక్కడిదాకా నిజమే. తేడా ఎక్కడ మొదలవుతుందో ముందుకెళ్లి చూద్దాం.

3. మెరిట్ అనే నిచ్చెన

ఇక అందరూ పొగిడే పరీక్షల దగ్గరికి వద్దాం. సూయ్ వంశ కాలంలో, క్రీ.శ. 605 ప్రాంతంలో మొదలైన ప్రభుత్వ పరీక్షలు 1905 దాకా నడిచాయి. మధ్యలో కొన్నాళ్లు ఆగినా మొత్తం మీద 1300 ఏళ్లు. సోంగ్ వంశ కాలానికి (960–1279) పద్ధతి ఎంత పకడ్బందీ అయిందంటే, జవాబు పత్రం మీద పేరు కనబడకుండా అతికించేసేవాళ్లు. చేతిరాత గుర్తుపడతారని గుమాస్తాలతో మొత్తం తిరిగి రాయించి, ఆ నకలునే దిద్దించేవాళ్లు. మన యూనివర్సిటీ వైవాల్లో ఇంటిపేరు అడిగి మార్కులేసేవాళ్లున్న కాలంలో ఈ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది. నిజంగా గొప్ప ఏర్పాటే. దాన్ని తక్కువ చేయక్కర్లేదు.

ఫలితాలు కూడా పూర్తిగా బూటకం కాదు. హో పింగ్‌తి అనే చరిత్రకారుడు మింగ్, చింగ్ కాలాల్లో అత్యున్నత పట్టా అందుకున్న వేలమంది వంశ వివరాలు తిరగేశాడు. అంతకుముందు మూడు తరాల్లో పై స్థాయి పట్టా ఎవరికీ లేని ఇళ్లనుంచి వచ్చినవాళ్లు సుమారు 40 శాతమున్నారని 1962లో అచ్చయిన పుస్తకంలో చూపించాడు. పాత ఇళ్ల వాటా మింగ్ కాలం కన్నా చింగ్ కాలంలో పెరిగిందని కూడా ఆ లెక్కల్లోనే ఉంది. తర్వాతి పరిశోధకులు అడగాల్సిన ప్రశ్న అడిగారు: తండ్రీ తాతల్ని చూశావు సరే, బాబాయిలూ మేనమామలూ ఏం చేసేవాళ్లు? ఇంట్లో ఎన్నెకరాలుండేవి?

ఎందుకంటే ఆ పరీక్షకి తయారవడమంటే నాలుగు గ్రంథాలూ, ఐదు గ్రంథాలూ కలిపి 4 లక్షలకు పైగా అక్షరాలు కంఠతా పట్టడం. అదీ ఎవరూ ఇంట్లో మాట్లాడని, వెయ్యేళ్ల కిందటి గ్రాంథిక చైనా భాషలో. 14వ శతాబ్దం నుంచి ఆ గ్రంథాలకి జూ షీ రాసిన వ్యాఖ్యానమే ప్రమాణం. మింగ్ కాలం నుంచి జవాబు 'ఎనిమిది కాళ్ల వ్యాసం' అనే బిగుతు మూసలోనే రాయాలి. ఐదారేళ్ల వయసు నుంచి పాతికేళ్లు దాటేదాకా పొలంలో దిగకుండా కూర్చోగలిగిన పిల్లవాడు ఎవరి ఇంట్లో ఉంటాడు? తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా నాకు ఇది వెంటనే అర్థమైంది. గ్రాంథికాన్ని చదువుకి గుమ్మం చేసి, ఇంటి భాషతో వచ్చిన పిల్లల్ని ఆ గుమ్మం దగ్గరే నిలబెట్టిన చరిత్ర మనకీ ఉంది. పేపరు మీద పేరు కప్పేశారు గాని, ఆ పేపరు దాకా రావడానికి కావలసిన భూమినీ తీరికనీ ఎవరూ కప్పలేదు.

అది డబ్బూ తీరికా వేసిన గోడ. దాని వెనక రాతపూర్వకమైన గోడ ఇంకోటుంది. ఆడవాళ్లెవరూ పరీక్ష రాయకూడదు. 'నీచులు' రాయకూడదు. అభ్యర్థి మూడు తరాల పేర్లు రాసివ్వాలి. ఇతను శుభ్రమైన ఇంటివాడేననీ, నీచవృత్తి ఇంటివాడు కాదనీ పట్టా ఉన్న స్థానికుడొకడు పూచీ పడాలి. మనం కులం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతాం. అది వందల ఏళ్లు మూసిన తలుపు తెరిపించుకోవడానికి. అక్కడ అడిగిన కాగితం తలుపు మూయడానికి. మెరిట్‌కి చైనాని ఉదాహరణగా చెప్పేవాళ్లు ఈ కాగితం సంగతి చెప్పరు.

4. దస్తరానికి బయట

చైనా సంప్రదాయం జనాన్ని నాలుగు రకాలుగా చెప్పింది: చదువుకున్నవాళ్లు, రైతులు, చేతిపనులవాళ్లు, వర్తకులు. నాలుగని వినగానే చాతుర్వర్ణ్యం గుర్తొస్తుంది. కాని ఈ నాలుగింటి మధ్య పెళ్లిళ్లకి అడ్డు లేదు. రైతు కొడుకు పండితుడు కావచ్చు, పండితుడి మనవడు దుకాణం పెట్టుకోవచ్చు. బ్రహ్మ నోట్లోంచి, పాదాల్లోంచి పుట్టారనే కథ లేదు. గట్టి గీత ఈ నాలుగింటికీ, వాటికి బయట ఉన్న జియన్‌మిన్‌కీ మధ్య ఉంది. బానిసలు, వేశ్యలు, నటులు, కచేరీల్లో పట్టుకొచ్చే పనీ కొట్టే పనీ చేసే బంట్రోతులు ఈ బయటి లెక్కలో ఉన్నారు. ప్రాంతాన్ని బట్టి ఇంకొన్ని గుంపులు: షాన్షీలో యుయేహు, జెజియాంగ్‌లోని షావోషింగ్‌లో దువోమిన్, గ్వాంగ్‌డాంగ్ తీరంలో పడవల మీదే పుట్టి పడవల మీదే చచ్చే దాన్ జనం, హుయిజౌలో తరతరాల ఇంటి పాలేర్లు.

దువోమిన్ అంటే 'పడిపోయిన జనం'. మగవాళ్లు కప్పలు పట్టేవాళ్లు, బెల్లపు మిఠాయి అమ్మేవాళ్లు. ఆడవాళ్లు పెళ్లికూతురికి జుట్టు దువ్వి, శుభకార్యాల్లో చాకిరీ చేసేవాళ్లు. వీళ్లు ఎందుకు 'పడిపోయారు' అంటే ప్రతి గుంపుకీ ఒక కథ చెప్తారు. యుయేహుల పూర్వీకులు 1402లో సింహాసనం లాక్కున్న యోంగ్‌లె చక్రవర్తికి లొంగలేదనీ, అందుకు వాళ్ల ఇళ్లవాళ్లని ఇలా చేశాడనీ ఒక కథ. నిజమెంతో గాని, ఆ కథ స్వభావం చూడండి. పూర్వజన్మ పాపం అనలేదు. రాజు వేసిన శిక్ష అన్నారు. రాజు వేసిన శిక్షని రాజు తీసేయగలడు. యోంగ్‌జెంగ్ తీసేశాడు. 1723లో యుయేహులకీ దువోమిన్‌కీ, 1727లో హుయిజౌ పాలేర్లకీ, 1729లో దాన్ జనానికీ ఉత్తర్వులిచ్చాడు. దాన్ జనం ఒడ్డు మీద ఇల్లు కట్టుకోవచ్చన్నాడు.

జాలితో మాత్రమే ఇచ్చాడనుకోవద్దు. అందరినీ ఒకే నీతి కిందికీ, ఒకే పన్ను లెక్క కిందికీ తేవాలన్న చక్రవర్తి పట్టుదల అందులో ఉంది. నడత మార్చుకుని మంచి జనంలా బతకండి, అప్పుడు మంచి జనంలో కలుపుతామన్నది ఆ ఉత్తర్వుల ధోరణి. అంటే చెడు వాళ్ల నడతలో ఉందన్నమాట, వాళ్లని అలా ఉంచినవాళ్లలో కాదు. ఈ గొంతు మనకి కొత్త కాదు.

తర్వాత ఏమైంది? 1771లో, ఆయన కొడుకు చియన్‌లోంగ్ కాలంలో ఒక నిబంధన వచ్చింది. నీచవృత్తి మానేశానని సర్కారుకి చెప్పుకున్న మనిషితో మొదలుపెట్టి నాలుగు తరాలు లెక్కపెట్టాలి, దగ్గరి బంధువులంతా శుభ్రంగా బతికుండాలి. అప్పుడే పరీక్షకి అర్హత. తాతకి విముక్తి ఇచ్చి, మునిమనవడి చేతిలో దరఖాస్తు ఫారం పెట్టారు.

షావోషింగ్‌లో పుట్టి పెరిగిన లూసున్ 1933లో దువోమిన్ మీద చిన్న వ్యాసం రాశాడు. రిపబ్లిక్ వచ్చాక వాళ్లమ్మ తమ ఇంటికి వచ్చే దువోమిన్ ఆడమనిషితో, ఇక మనమంతా సమానమే, నువ్వు రానక్కర్లేదు అందట. ఆమె మండిపడిందట. ఇది తరతరాలుగా వస్తున్న మా పని, ఎలా మానుకుంటాం అని. చిన్న బహుమానం కోసం బానిసగా ఉండటమే కాక ఆ హక్కుని డబ్బిచ్చి కొనుక్కుంటారు కూడా అని లూసున్ బాధపడ్డాడు.

లూసున్ అంటే నాకు గౌరవం. కాని ఇక్కడ ఆయన గడపకి ఇవతల నిలబడి చూశాడు. ఆ ఆడమనిషి గడపకి అవతల ఉంది. ఫలానా ఇళ్లు మావి అన్న వాడుక హక్కు ఒక్కటే ఆమె ఆస్తి. మన ఊళ్లలో మిరాశీ అన్నట్టు. సమానత్వం పేరుతో ఆ ఇల్లు తలుపేసుకుంటే ఆమెకి దక్కేదేమిటి? భూమి ఇచ్చారా, బడి ఇచ్చారా? కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆమె కోపంలో బానిస బుద్ధిని చూడటం తేలిక. ఖాళీ చేతుల విముక్తి మీద ఫిర్యాదుని కూడా అందులో వినాలి.

5. లోపలి తిరుగుబాట్లు

ఇదంతా చూసి చైనా తాత్వికతంటే అణచివేతేనని కొట్టేయడం కూడా అన్యాయమే. అదే సంప్రదాయపు మాటలతో అదే సంప్రదాయాన్ని నిలదీసినవాళ్లున్నారు. వాంగ్ యాంగ్‌మింగ్ (1472–1529) మంచి చెడ్డల తెలివి ప్రతి మనిషి మనసులోనూ పుట్టుకతోనే ఉందన్నాడు. పండితుడికీ గ్రంథానికీ ఉన్న గుత్తాధిపత్యం మీద అది దెబ్బ. ఆయన శిష్యుడు వాంగ్ గెన్ ఉప్పు కొటారుల్లో పనిచేసే ఇంట్లో పుట్టాడు. ఏ పరీక్షా ప్యాసు కాలేదు. జనం రోజూ బతికే బతుకే తావో అని బోధించాడు. ఆ పరంపరలో కట్టెలు కొట్టేవాడూ కుండలు చేసేవాడూ గురువులయ్యారు. ఆ దారిలోనే వచ్చిన లీ జీ (1527–1602), ఆడవాళ్ల చూపు కురచ అనడం తప్పని వాదించాడు. కన్ఫ్యూషియస్ తప్పొప్పులనే అందరి తప్పొప్పులుగా ఎందుకు తీసుకోవాలన్నాడు. జైల్లో పెట్టారు. అక్కడే గొంతు కోసుకుని చనిపోయాడు.

18వ శతాబ్దంలో దాయ్ జెన్ అనే బట్టల వర్తకుడి కొడుకు ఇంకో పదునైన మాటన్నాడు. పైవాడు 'ధర్మసూత్రం' పేరు చెప్పి కిందివాణ్ణి నొక్కితే, తప్పు పైవాడిదైనా లోకం ఒప్పంటుంది. చట్టం చంపినవాడి మీద జాలిపడేవాళ్లుంటారు, సూత్రం చంపినవాడి మీద జాలిపడేవాళ్లెవరూ ఉండరు అని ఆయన వాదన సారం. మొగుడు చచ్చిన ఆడది ఆకలితో చచ్చినా పరవాలేదు గాని మారుమనువు చేసుకోరాదని నూరిపోసిన కాలంలో ఈ మాట పుట్టింది.

6. బుద్ధుడి దారిలో వెళ్లినవాళ్లు, వచ్చినవాళ్లు

చైనాకీ మనకీ మధ్య నిజంగా నడిచిన దారి ఒకటుంది. బౌద్ధం. ఇల్లు విడిచి, తల గొరిగించుకుని, వంశం నిలపకుండా భిక్షువైపోవడం కన్ఫ్యూషియన్ కుటుంబానికి పెద్ద ద్రోహంలా కనిపించింది. భిక్షువు రాజుకి వంగి మొక్కనక్కర్లేదని క్రీ.శ. 404లో హుయియువాన్ ఒక గ్రంథమే రాశాడు. రాజ్యం ఊరుకోలేదు. 845లో తాంగ్ చక్రవర్తి 4,600కి పైగా మఠాలు మూయించి, 2,60,500 మంది భిక్షువుల్నీ భిక్షుణుల్నీ తిరిగి ఇళ్లకి పంపి పన్ను లెక్కలోకి తెచ్చినట్టు రాజోత్తర్వే చెప్పింది. జెన్ సంప్రదాయంలో ఆరో గురువు హుయినెంగ్ కట్టెలమ్ముకునే దక్షిణాది మనిషి, చదువు రానివాడు. అనాగరికుడివి, నువ్వు బుద్ధుడివెలా అవుతావని అడిగితే, మనుషులకి ఉత్తరం దక్షిణం ఉండొచ్చు గాని బుద్ధత్వానికి ఎక్కడిదని అడిగాడని ఆ సంప్రదాయం చెప్పుకుంటుంది.

అటునుంచి ఇటు వచ్చినవాళ్లలో ఫాహియాన్ ఒకడు. 5వ శతాబ్దం మొదట్లో ఉత్తర భారతంలో తిరిగాడు. చండాలురు ఊరి బయట ఉంటారనీ, నగరంలోకో బజారులోకో వస్తే కట్టె చప్పుడు చేస్తూ రావాలనీ, ఆ చప్పుడికి జనం తప్పుకుంటారనీ రాశాడు. 7వ శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ వచ్చాడు. మన కృష్ణా తీరంలోని ధాన్యకటకం కూడా చూశాడు. కసాయిలు, తలారులు లాంటివాళ్ల ఇళ్లు ఊరి బయట ఉంటాయని ఆయనా రాశాడు. 1948లో అంటరానితనం ఎప్పుడు పుట్టిందో తేల్చడానికి కూర్చున్న బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ ఇద్దరు చైనా యాత్రికుల సాక్ష్యాన్ని పక్కపక్కన పెట్టి తూచారు. అది సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందన్న నిర్ణయానికి వచ్చారు. ఇక్కడి శాస్త్రకారులు దాచిన మాటని అటునుంచి వచ్చిన భిక్షువులు రాసిపెట్టారు. ఫాహియాన్ వచ్చింది బానిసలూ నీచ జనమూ ఉన్న దేశం నుంచే. అయినా ఆ కట్టె చప్పుడు అతనికి రాసిపెట్టుకోవాల్సినంత వింతగా తోచింది. "అన్ని దేశాల్లోనూ ఉన్నదే" అనేవాళ్లకి ఇంతకన్నా పాత జవాబు అక్కర్లేదు.

7. మనకి మిగిలే ప్రశ్నలు

పరీక్షల కథ కూడా చైనా దగ్గర ఆగలేదు. 19వ శతాబ్దంలో చైనా పరీక్షల గురించి చదివి, అలాంటివి తమకీ కావాలని వాదించిన బ్రిటిష్‌వాళ్లున్నారు. 1855 నుంచి మన దేశాన్నేలే సివిల్ సర్వీసుకి పోటీ పరీక్ష పెట్టారు. పేరుకి అందరికీ తెరిచిన తలుపే. కాని పరీక్ష లండన్‌లో. 1870ల చివర్లో గరిష్ఠ వయసు 19 చేశారు. ఇక్కడే రాసే వీలు 1922లో గాని రాలేదు. నిబంధనలో ఎవరినీ వద్దనకుండానే ఎవరిని బయట ఉంచాలో వాళ్లని ఉంచడం ఎలాగో పాలకులు బాగా నేర్చుకున్నారు.

చివరగా, మన వామపక్ష మిత్రులతో ఒక మాట. 1949 విప్లవం ఆ పాత నీచ హోదాల్ని తుడిచేసింది. భూమి పంచింది. అది చిన్న పని కాదు. కాని సాంస్కృతిక విప్లవం నాటికి పుట్టుక ఇంకో దారిన తిరిగొచ్చింది. తండ్రి భూస్వామో, మితవాదో అని ముద్రపడితే కొడుక్కీ అదే ముద్ర. కాలేజీ సీటు ఉండదు, మంచి ఉద్యోగం ఉండదు. విప్లవకారుడి కొడుకు వీరుడు, విప్లవ ద్రోహి కొడుకు ద్రోహి అని రెడ్‌గార్డులు నినాదాలిచ్చారు. బీజింగ్‌లో ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేసిన యూ లువోకె అనే కుర్రవాడు దీన్ని తప్పుబడుతూ కుటుంబ మూలం మీద వ్యాసం రాశాడు. 1967 జనవరిలో ఒక విద్యార్థి పత్రికలో అచ్చయింది. మనిషిని అతని పనిని బట్టి చూడాలి, తండ్రిని బట్టి కాదన్నదే ఆ వ్యాసం గుండెకాయ. 1970 మార్చి 5న అతన్ని చంపేశారు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. 1979లో అతను నిర్దోషి అన్నారు.

వర్గం పోతే పుట్టుక వివక్ష దానంతటదే పోతుందని మనకి పాఠం చెప్పినవాళ్లు యూ లువోకె పేరు ఎప్పుడైనా చెప్పారా?

విద్యార్థి మిత్రులకి ఈ చరిత్రలోంచి మూడు పనిముట్లు ఇవ్వగలను. ఒకటి, ఎవరైనా మెరిట్ అన్నప్పుడు పేపరు ఎలా దిద్దారని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. గుమ్మం దాకా ఎవరు రాగలిగారో, ఎవరిని ఏ కాగితం ఆపిందో అడగండి. రెండు, విముక్తి ఉత్తర్వు ఎప్పుడొచ్చిందని చదివినప్పుడు, దాని వెంట భూమీ బడీ వచ్చాయా, నాలుగు తరాల షరతు వచ్చిందా అని చూడండి. మూడు, ఎక్కడైనా ఎక్కువ తక్కువలు కనిపిస్తే అది ఎవరి ఆజ్ఞ మీద నిలబడిందో వెతకండి. రాజాజ్ఞ మీద నిలబడినది రాజాజ్ఞతో కదులుతుంది. మతం, పెళ్లి, తిండి, జన్మల లెక్క అన్నీ కలిసి మోస్తున్నది ఒక్క రాజ్యాంగ అధికరణతో కదలదు. 17వ అధికరణ మన చేతిలో ఉన్నా వెలివాడ ఇంకా వెలివాడగానే ఎందుకుందో అంబేద్కర్ ఎందుకు ముందే చెప్పగలిగారో, చైనా పక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

వచ్చే భాగంలో జపాన్ బురాకుమిన్. 1871లో వాళ్లకీ ఒక విముక్తి ఉత్తర్వు వచ్చింది. దాని వెంట ఏమొచ్చిందో చూద్దాం.

జై భీమ్.